గరిడీ, రంగస్థలము, వీడియో ఆట

బెంగళూరు నగరమున 1997లో రాజేశ్ రావు ధ్రువ ఇంటరాక్టివ్ అను సంస్థను స్థాపించిననాడు, వీడియో ఆటలు నిర్మించుట యొక వృత్తి కాగలదని నమ్మినవారు మన దేశమున బహు స్వల్పము. ఆ సంస్థయు, దాని వెనుక వచ్చిన మరికొన్నియు చిరకాలము పరదేశీయుల ఆటలకు కార్లును, కట్టడములును, వేషభూషణములును చిత్రించి యిచ్చుచు పని నేర్చినవి; 2019లో రాక్‌స్టార్ గేమ్స్ ధ్రువను కొని, ఈ నగరముననే యున్న తన శాఖలో కలుపుకొన్నది. ఇట్లు చేయి తిరిగిన కళాకారులు తమ సొంత ఆటలకు పూనుకొనునప్పుడు మొదట నెదురగు ప్రశ్నలలో నొకటి: కథానాయకుడు పోరాడవలసి వచ్చినచో ఎవరి పోరు పోరవలెను? తెరమీది వీరుడు కాలు కదపకముందే అతడు ఏ గరిడీలో పెరిగినవాడో నిర్ణయింపబడి యుండవలెను గదా.

ఈ ప్రశ్నకు పాశ్చాత్యులును, జపానీయులును వెదకిన సమాధానముల చరిత్ర నలువదేండ్లది. 1984లో జోర్డాన్ మెక్నర్ అను అమెరికా విద్యార్థి ‘కరాటేకా’ అను ఆటను రచించుచు, తనకు కరాటే నేర్పిన గురువును చిన్న ఫిల్ము కెమెరాతో చిత్రించి, ఆ చిత్రములపై ఒక్కొక్కదానిని గీచి తీసి, ఆనాటి కంప్యూటరు తెరమీద మానవదేహమునకు సహజమైన నడకను తెచ్చెను. అతడే 1989లో ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’కు తన తమ్ముని పరుగును, 1938 నాటి రాబిన్‌హుడ్ చలనచిత్రములోని కత్తియుద్ధమును ఆధారము చేసికొనెను. ఒకచోట గురువు, మరియొకచోట సినిమా: పిదప వచ్చిన పరిశోధన యంతయు ఈ రెండు మూలముల నడుమనే యూగిసలాడినదని చెప్పవచ్చును.

1991 నాటి ‘స్ట్రీట్ ఫైటర్ 2’లో భారతీయుడు ధాల్సిమ్ కపాలముల హారము ధరించి, నోట నిప్పులు గ్రక్కుచు, చేతులు కాళ్లు బారలకొలది సాచి కొట్టును. మన యోగులలో ఎవరికి ఇట్టి సిద్ధి కలదో విచారించుట వృథాశ్రమ. కాని పిల్లలందరును అతనిని ఎన్నుకొని ఆడిరి, అది వేఱు మాట. దీనికి విరుద్ధముగా 1993లో సెగా సంస్థలో యూ సుజుకి నిర్మించిన ‘వర్చువా ఫైటర్’ మొదటినుండియు విద్యాభేదమునకు ప్రాధాన్యమిచ్చెను. అందలి అకిరాది చీనా దేశపు బాజీచువాన్. జాకీది బ్రూస్ లీ నెలకొల్పిన జీత్ కునే దో. జెఫ్రీది ప్రాచీన గ్రీకుల పాంక్రేషన్. వీరిలో నొక్కని నిలుకడ చూచి తక్కినవారినుండి వేఱుపఱుపవచ్చును. 1997లో ‘టెక్కెన్ 3’ బ్రెజిల్ దేశపు కపోయిరాను ఎడ్డీ గోర్డో అను పాత్ర ద్వారా లోకమునకు పరిచయము చేసినప్పుడు, ఆ విద్యలో ఆరితేరిన యొక గురువు దేహమునకే గుర్తులు కట్టి ఆ కదలికలను యంత్రమున కెక్కించిరి. 2022లో వెలువడిన ఫ్రెంచివారి ‘సిఫు’ పాక్ మేయ్ అను ఒక్క కుంగ్‌ఫూ సంప్రదాయమునే ఆశ్రయించి ఆటయంతయు నడపినది.

ఇంతవఱకు ఇది సత్యాన్వేషణ చరిత్రవలె తోచును. అయినను ఇందొక చిక్కు కలదు. నిజమైన యోధుడు తన యుద్దేశమును దాచును; భుజము కదలుట, చూపు మఱలుట, ఊపిరి పీల్చుట ఇవియన్నియు శత్రువునకు తెలియనీయకుండుటయే అతని సాధన. ఆటలోని యోధుడో, తన యుద్దేశమును ప్రకటింపక తప్పదు. ఈ వృత్తిలోనివారు ప్రతి దెబ్బను స్టార్టప్, యాక్టివ్, రికవరీ అను మూడు భాగములుగా విభజింతురు: పూనిక, తాకుడు, తేరుకొనుట యని మనము చెప్పుకొనవచ్చును. కంటితో చూచి వ్రేలు కదపుటకు మానవునకు సుమారు పావు సెకను పట్టును. సెకనుకు 60 ఫ్రేములు నడచు ఆటలో అది 15 ఫ్రేములు. కావున చూచి తప్పించుకొనదగిన దెబ్బ యేదైనను అంతకంటె దీర్ఘమైన పూనిక కలదై యుండవలెను. లేనిచో ఆడువాడు తాను ఓడిన కారణము నెఱుగక ఆటను విసరి కొట్టును. గురువు అర సెకనులో ముగించు ప్రహారమును యంత్రము ఉన్నదున్నట్లు పట్టి తెచ్చినను, ఆ పిమ్మట యానిమేటరు కూర్చుండి దాని పూనికను సాగదీసి, తాకుడును కుదించి, తేరుకొనుటను భారము చేయవలసినదే.

ఇట్లు చేయువాడు యుద్ధవిద్యను విడిచి నాట్యవిద్యలో అడుగిడుచున్నాడు. ఆ మార్గమున మనవారు రెండువేల యేండ్లనాడే ఆలోచించియున్నారు. భరతుని నాట్యశాస్త్రము రంగస్థలముపై ఆయుధప్రయోగమునకు న్యాయములను పేర నాలుగు పద్ధతులు విధించినది: భారతన్యాయమున కటిని, సాత్త్వతమున పాదమును, వార్షగణ్యమున వక్షమును, కైశికమున శిరస్సును గుఱిగా గైకొందురు. రంగముపై నిజముగా కొట్టరాదనియు, ఛేదింపరాదనియు, రక్తము చిందరాదనియు అందే నియమము కలదు. ‘వర్చువా ఫైటర్’ ఆడినవానికి దెబ్బలను ఎగువ, నడుమ, దిగువ యని విభజించి, ఒక్కొక్కదానికి వేఱువేఱు కాపుదల నేర్పు పద్ధతి సుపరిచితమే గావున, ఈ న్యాయములను చదువునప్పుడు అతనికి క్రొత్తయేమియు తోచదు. మఱియు ఆలీఢము, ప్రత్యాలీఢము, మండలము, వైశాఖము, సమపాదము అను నిలుకడలు నాట్యశాస్త్రమున నర్తకునకును, అగ్నిపురాణములోని ధనుర్వేదభాగమున విలుకానికిని ఒకే పేళ్లతో చెప్పబడియున్నవి. ఆ పురాణమే భ్రాంతము, ఉద్భ్రాంతము, ఆవిద్ధము, ఆప్లుతము, శ్యేనపాతము మొదలుగా ఖడ్గచర్మముల కదలికలను 32గా లెక్కించినది. గరిడీకిని రంగస్థలమునకును నడుమ మనము నేడు కట్టుకొన్న గోడ ఆ గ్రంథకర్తలకు లేదు.

కన్నడదేశము ఈ విషయమున మిక్కిలి సంపన్నము. కల్యాణమున రాజ్యమేలిన చాళుక్య మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్ది పూర్వార్ధమున రచించిన ‘మానసోల్లాసము’లో మల్లవినోదమున కొక ప్రకరణము కేటాయించి, మల్లులను జ్యేష్ఠికులు, అంతరజ్యేష్ఠికులు, గోవలులు అని శ్రేణులుగా విభజించి, వారికి భారశ్రమము, భ్రమణశ్రమము, సలిలశ్రమము, స్తంభశ్రమము మొదలగు వ్యాయామములను విధించెను. ఇది వినోదప్రకరణమని మఱువరాదు. రాజు చూచి యానందించుటకై యేర్పడిన పోరు అది. శ్రీకృష్ణదేవరాయలు తెల్లవారకమున్నే నువ్వులనూనె త్రాగి, దానినే మేనికి పట్టించుకొని, బరువులెత్తి, కత్తి త్రిప్పి చెమటోడ్చి, ఒక మల్లునితో కుస్తీ పట్టి, ఆ పిమ్మట గుఱ్ఱమెక్కువాడని పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వ్రాసియున్నాడు. ఆముక్తమాల్యదకర్త చేతులు ఘంటమునకే గాక సాముకును అలవడినవనుట తెలుగువారికి గర్వకారణమే.

విజయనగరపు మహర్నవమినుండి శ్రీరంగపట్టణమునకును, అచ్చటినుండి మైసూరునకును సంక్రమించిన దసరాలో వజ్రముష్టి కాళగము నేటికిని నిలిచియున్నది. విజయదశమినాడు జంబూసవారి యను ఏనుగు ఊరేగింపు బయలుదేరుటకు ముందు, మైసూరు, చామరాజనగరము, చన్నపట్టణము, బెంగళూరులనుండి వచ్చిన జెట్టివంశీయులు అరమన ప్రాంగణమున మట్టి గోదాలో జంటలుగా నిలుతురు. తల నున్నగా గొఱిగించుకొని, శిఖ మాత్రము మిగుల్చుకొని, కుడిచేతి వ్రేళ్ల కణుపులపై మొనలు దేఱిన వజ్రముష్టిని తొడుగుకొందురు. ఎడమచేయి ప్రత్యర్థి చేతిని పట్టుటకును, త్రోయుటకును విడువబడియుండును. ఒకని తలనుండి మొదటి రక్తబిందువు కనబడుటయే తడవుగా పెద్దలు నడుమ దూఱి విడదీయుదురు. గొఱిగిన తలపై ఎఱ్ఱని చుక్క ఎంత దూరమున నున్నవానికైనను కనబడును గదా. జయాపజయములు ప్రేక్షకుల కంటికి తేటపడుటకు ఇంతకంటె సరళమైన యేర్పాటు నే నెఱుగను.

బెంగళూరు పేటలో ధర్మరాయస్వామి దేవాలయమున చైత్రపూర్ణిమనాడు జరుగు కరగ ఉత్సవమున, తిగళ కులమునకు చెందిన వీరకుమారులు ఱొమ్ములు విప్పి, దూసిన కత్తుల వాదరలను తమ వక్షములకే తాకించుకొందురు. దీనిని అలగు సేవ యందురు. పగవాడు లేని కత్తి యది. చూచువారి గుండె జల్లుమనిపించుటయే దాని ప్రయోజనము. మన కోనసీమలో అమలాపురపు దసరాకు చెడీ తాలింఖానా ఆడువారు కండ్లకు గంతలు కట్టుకొని, మనుష్యుల మేనిపై నుంచిన కాయలను కత్తితో నఱకుటయు ఈ కోవలోనిదే. ఇక కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయప పదమూడవ శతాబ్దిలో ‘నృత్తరత్నావళి’ని రచించుటను తలపోసిన, ఏనుగుల దళమును నడపినవాడే పేరిణి నృత్తపు అడుగులను శాస్త్రీకరించినాడని తెలియును. ఆ పేరిణిని గ్రంథమునుండియు, రామప్పగుడి శిల్పములనుండియు నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పునరుద్ధరించి, 1985లో ఆ గుడి యెదుటనే ప్రదర్శింపజేసిరి.

మనవారి ఆటలు ఈ నిధిని ఎంతవఱకు త్రవ్వినవి? హైదరాబాదున అరోనా టెక్నాలజీస్ నిర్మింపగా 2009లో ప్లేస్టేషన్ 2 యంత్రమునకు వచ్చిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ గదను చేపట్టినది, ఆ నగరముననే ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ను వెలువరించినది, పూనా నగరపు నాడింగ్ హెడ్స్ గేమ్స్ వారి ‘రాజీ’ 2020లో త్రిశూలమును, విల్లును ఒక బాలిక చేతికిచ్చి దేశాంతరములందు మన్నన పొందినది. ఈ ప్రయత్నములు శ్లాఘనీయములు. అయినను నా కంటికి ఆయుధములు మనవిగను, ఆవరణము మనదిగను కనబడినంత స్పష్టముగా, ఆ ఆయుధము పట్టిన చేతి శిక్షణ మనదిగా కనబడలేదు.

సామగ్రి లేక కాదు. బెంగళూరున 1992లో జయచంద్రన్ పాళళి మొదలగువారు స్థాపించిన ఆట్టక్కళరి సంస్థ ‘నాగరిక’ అను పేర భరతనాట్య, కళరిపయట్టుల అంగవిన్యాసమును విశ్లేషించి డిజిటల్ రూపమున భద్రపఱచినది. కళరిలోని గజ, సింహ, అశ్వ, వరాహ, సర్ప, మార్జార, కుక్కుట, మయూర వడివులు, అనగా నిలుకడలు, చూడగనే పోల్చదగినవి; ఆటలవారికి కావలసిన స్పష్టత వానియందు పుట్టుకతోనే యున్నది. ఉఱుమి యను మెత్తని ఖడ్గము మాత్రము కంటికింపైనను, దాని వంపులను లెక్కకట్టుట యంత్రమునకును, దాని కొన యెచ్చట తాకునో తెలియుట ఆడువానికిని కష్టమగుటచే, త్వరపడి యెన్నుకొనదగినది కాదు.

నన్నడిగినచో వజ్రముష్టితో మొదలుపెట్టుడందును. ప్రాణపు కొలతపట్టీ తఱుగువఱకు నూఱు దెబ్బలు తినిపించు ‘స్ట్రీట్ ఫైటర్’ దానికి మాదిరి కాజాలదు. 1997లో స్క్వేర్ సంస్థ ప్రకటించిన ‘బుషిడో బ్లేడ్’ ఆ పట్టీని తొలగించి, సరియైన చోట తగిలిన ఒక్క కత్తిపోటుతో పోరు ముగియునట్లు చేసినది. జెట్టీల కాళగమునకు అదే దగ్గఱి చుట్టము. అట్టి ఆటలో శ్రమయంతయు దెబ్బ తాకిన క్షణముపై గాక అంతకు ముందటి వలయగమనముపై పెట్టవలెను: ఎడమచేయి ఎదుటివాని మణికట్టును వెదకుట, కుడి భుజము వెనుకకు జరిగి మఱల ముందునకు వచ్చుట, మడమలు మట్టిలో దిగబడుట, తల ప్రక్కకు తప్పుట. ఈ కదలికలను తీసికొనవలసినచో కెమెరాను పండుగనాటి గుంపులో గాక, అభ్యాసము జరుగు గరిడీలో, వారి పెద్దల అనుమతితో, పాదముల యెత్తున నిలుపవలెను. పై నుండి తీసిన ఉత్సవచిత్రములలో కాళ్ల పని కనబడదు.