ఖానాపురం హవేలి నుండి భద్రాచలం దాకా: గీతలు, పటాలు, జనం



మన ఊరి పేరులోనే ఒక భూగోళ పాఠం దాగి ఉన్నది. హవేలి అనగానే ఎవరికైనా పెద్ద భవంతి గుర్తుకు వస్తుంది. ఖానాపురంలో ఆ భవంతి ఎక్కడున్నదని బయటి ఊళ్ళ వాళ్ళు అడగటం కద్దు. భవంతి లేదు, దాని పునాదులూ లేవు. మొగలుల నాటి రెవెన్యూ లెక్కల్లో, తర్వాత దక్కనులోను, హవేలి అంటే ముఖ్య పట్టణం చుట్టూ ఉన్న భూములు. జాగీర్దారుకో జమీందారుకో అప్పగించక, సర్కారు తన ఖర్చుల కోసం తానే ఉంచుకున్న భూములన్న మాట. ఉత్తర సర్కారు జిల్లాలలో కుంపిణీ వారు కూడా ‘హవేలీ భూములు’ అని వేరే లెక్క నడిపినారు. మెదక్ పక్కన హవేలి ఘనపురం ఉన్నది. ఖమ్మం కోటకు ఇంత దగ్గరగా ఉన్న ఖానాపురానికి ఈ తోక తగులుకోవడానికి కారణం కూడా అదే అయి ఉండాలని మా అభిప్రాయం.

అంటే, ఈ నేల గుణాన్ని బట్టి గాని, ఇక్కడి జనాన్ని బట్టి గాని పెట్టిన పేరు కాదు ఇది. పన్ను ఎవరికి చేరాలి అన్నదాన్ని బట్టి పెట్టిన పేరు. బడి పుస్తకాల్లో ‘ప్రాంతం’ అని ఒక మాట చదువుతాము గదా, దాని అసలు సంగతి ఇక్కడే తెలిసిపోతుంది. ప్రాంతం అనేది ఆకాశం నుండి ఊడిపడదు. ఎవరో ఒకరు, ఏదో ఒక అవసరానికి, నేల మీద గీత గీస్తారు. మన నాలుకల మీద ఆడే మాటలు చూడండి. జిల్లా అరబ్బీ మాట, పక్క అనీ ప్రక్కటెముక అనీ అర్థం. తాలూకా అంటే సంబంధించినది. పటానికి మన పెద్దలు వాడిన మాట నక్షా. జమాబందీ, తహశీలు, పరగణా, కసబా, రైతు, అన్నీ కచేరీ మాటలే. నేలకొండపల్లి గోపన్న, అదే రామదాసు, గోల్కొండ తానీషా కాలంలో పాల్వంచ పరగణా తహశీల్దారు. భద్రాచలం గుడి కథ యావత్తూ ఒక పరగణా వసూళ్ళ లెక్క చుట్టూ తిరిగినదేనని మరువరాదు.

కచేరీ గీతలు అటుంచి, ప్రకృతి గీసిన గీత ఒకటి ఉన్నది. అది నీటి గీత. ఖమ్మం పక్కన పారే మున్నేరు, ఇంకా పాలేరు, వైరా, ఇవన్నీ చివరకు కృష్ణలో కలిసేవి. కొత్తగూడెం, పాల్వంచ దాటితే కిన్నెరసాని గోదావరికి పోతుంది. గోదావరి ఆవల తాలిపేరు, శబరి ఉన్నాయి. ఒకే జిల్లా అని మనం చెప్పుకున్న నేల మీద పడిన వాన రెండు నదులకు పంచుకుపోయేది. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులు వచ్చినప్పుడు గాని, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు గాని, ఆ ముంపు గోదావరి గట్ల వారిది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మం కాలనీలలో ఇళ్ళలోకి వచ్చినప్పుడు ఆ ముంపు మనది. వరద నీరు వార్డు నెంబరు అడగదు.

ఇక కచేరీ గీతల సంగతికి వద్దాము. శబరి, గోదావరి కలిసే చోట కూనవరం ఉన్నది. 1860 వరకు ఆ భద్రాచలం తాలూకా నిజాం ప్రభుత్వం క్రింద ఉండేది. ఆ ఏడు నిజాం దానిని ఇంగ్లీషు వారికి ఇచ్చివేసినారు. వారు దానిని సెంట్రల్ ప్రావిన్సులలో ఎగువ గోదావరి జిల్లాగా ఉంచి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చినారు. 1925లో ఆ జిల్లా రెండై తూర్పు గోదావరి అయినది. ఇక కూనవరంలో 1950లో పుట్టిన ఒక మనిషిని ఊహించుకోండి. పుట్టింది మద్రాసు రాష్ట్రంలో. మూడో ఏట ఆంధ్ర రాష్ట్రం, ఆరో ఏట ఆంధ్రప్రదేశ్. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను తూర్పు గోదావరి నుండి తీసి, అప్పటికి ఆరేళ్ళ క్రితమే వరంగల్లు నుండి విడివడిన ఖమ్మం జిల్లాలో కలిపినారు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినది. పోలవరం ముంపు పేరుతో కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, భద్రాచలం, బూర్గంపాడు మండలాల్లో కొంత భాగం ఆంధ్రప్రదేశ్‌కు పోయినాయి. మన మనిషి మళ్ళీ తూర్పు గోదావరి వాడయ్యాడు. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి అందులో చేరాడు. ఇన్ని మారినా అతని ఇల్లు అంగుళం కదలలేదు. కదలవలసి వస్తే అది గీత వల్ల కాదు, గీతను జరిపించిన ఆ ప్రాజెక్టు నీటి వల్ల కదలాలి. ముంపు ఊళ్ళ వారికి పునరావాస కాలనీ అంటే కొత్త ఇల్లు మాత్రమే కాదు. ఖబరస్తాన్ ఒక చోట, కాపురం ఒక చోట అవుతుంది.

భద్రాచలం పట్టణం మాటకు వస్తే, గుడి, ఊరు తెలంగాణలో ఉండిపోయి, ఆనుకుని ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం వంటి గ్రామాలు అటు పోయినాయి. దేవస్థానం భూములు పురుషోత్తపట్నంలో ఉండటంతో వాటి మీద తగాదా నడిచినది. పట్టణం పెరగటానికి చోటు కరువైనది. ఐదు పంచాయతీలు తిరిగి ఇమ్మని తెలంగాణ వారు అడుగుతూ వచ్చినారు. ఢిల్లీలో కాగితం మీద గీసిన గీత నేల మీద ఎలా దిగుతుందో చూడాలంటే పెద్ద పుస్తకాలు అక్కరలేదు, ఖమ్మంలో బస్సెక్కితే చాలు.

ఇటువంటి గీతే ఇంకొకటి, కంటికి కనబడనిది, షెడ్యూల్డు ఏరియా గీత. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో వచ్చిన సవరణ, జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’, దీని ప్రకారం ఏజెన్సీ గ్రామంలో గిరిజనేతరుడు మరొక గిరిజనేతరుని నుండి సైతం భూమి కొనరాదు. గీతకు ఇవతల ఊరిలో రిజిస్ట్రేషను, అవతల ఊరిలో నేరం. ఏజెన్సీలో దుకాణాలు పెట్టుకుని, తరాలుగా ఉంటున్న మనవాళ్ళ కుటుంబాలకు ఈ సంగతి కొత్త కాదు. అయితే ఆ చట్టం లేకుంటే కోయల, కొండరెడ్ల భూమి ఎప్పుడో పరుల పాలయ్యేదని కూడా న్యాయంగా ఒప్పుకోవాలి.

పటం సంగతి. పటం గీయడమనేది సుఖమైన పని కాదు. 1819లో లాంబ్టన్ దొర తన సహాయకుడైన జార్జి ఎవరెస్టును కృష్ణా గోదావరుల నడిమి అడవులలో సర్వేకు పంపినాడు. వానలు, అడవి జ్వరాలు పట్టుకుని బృందంలో చాలామంది పడిపోయినారు. ఎవరెస్టు తాను కూడా జ్వరపడి, 1820లో గాలి మార్పు కోసం ఆఫ్రికా దక్షిణ కొనన ఉన్న కేప్‌కు పోవలసి వచ్చింది. ప్రపంచంలో ఎత్తైన శిఖరానికి ఈయన పేరే. జ్వరాలు తిన్న కూలీల పేర్లు ఏ కొండకూ లేవు.

పటంలో పైన ఉత్తరం ఉండాలని కూడా దైవశాసనం ఏమీ లేదు. 1154లో సిసిలీ రాజు రోజరు కొలువులో అల్ ఇద్రీసీ తయారుచేసిన ప్రపంచ పటంలో దక్షిణం పైన ఉంటుంది. చేసినవాడు ఏమి అడిగితే పటం అదే చెబుతుంది. పట్వారీ నక్షాలో సర్వే నెంబరు దొరుకుతుంది గాని అందులో దున్నేవాడు దొరకడు. నిజాం నాటి పటంలో గోదావరి రాజ్యం అంచు. అటువైపు బ్రిటిషు పటంలోనూ అంచే. 1940లలో హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త ఆ గోదావరి కనుమలలో తిరిగి కొండరెడ్ల మీద పుస్తకం వ్రాసినాడు, 1945లో వెలువడినది. ఆ కొండరెడ్లు ఏటికి రెండు వైపులా ఉన్నవారే. వారికి నది అంచు కాదు, వాకిలి.

ఇంతవరకు జనం కదలకుండా గీతలు కదిలిన కథ చెప్పినాము. గీతలు కదలకుండా జనం కదిలిన కథ మరొకటి ఉన్నది. జనాభా మారటానికి నాలుగే దారులు: పుట్టుక, చావు, రాక, పోక. మన ప్రాంతంలో చాలా కాలం రాకదే పైచేయి. 1871లో విలియం కింగు అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనుగొన్నాడు. 1889లో తవ్వకం మొదలైనది, బెజవాడ రైలు మార్గం కూడా ఆ రోజులలోనే పడినది. సింగరేణి అనే పల్లె పేరు 1920లో కంపెనీ పేరుగా మారినది. తర్వాత కొత్తగూడెం గనులు. తట్ట, పార పట్టుకుని వచ్చిన వారితో ఇల్లెందు, కొత్తగూడెం అడవి నడుమ పట్టణాలైనాయి. నీటి కథ ఇంకొకటి. పాలేరు, వైరా రిజర్వాయర్లు నిజాం కాలంలో అలీ నవాజ్ జంగ్ చీఫ్ ఇంజనీరుగా ఉన్న రోజులవి. 1967 తర్వాత నాగార్జునసాగర్ ఎడమ కాలువ వచ్చేసరికి కోస్తా జిల్లాల రైతులు అక్కడ అమ్ముకుని ఇక్కడ కొనుక్కుని స్థిరపడినారు. 2005 తర్వాత బస్తరు అలజడులకు తాళలేక గుత్తికోయలు అడవి దాటి వచ్చినారు. ఎవరు మంచి భూమి వెతుక్కుంటూ వచ్చినారో, ఎవరు ప్రాణం దక్కించుకోను వచ్చినారో, జనాభా లెక్కలో ఇద్దరూ ‘వలస’ అనే ఒక్క గడిలో పడతారు. ఆ గడిలో అందరికన్నా ఎక్కువ మంది ఎవరనుకున్నారు? పెళ్ళై అత్తవారింటికి పోయిన ఆడపడుచులు! దేశమంతటా ఆడవారి వలసకు మొదటి కారణం పెళ్ళేనని జనగణన చెబుతున్నది.

ఇక అంకెలు చూడండి. ఉమ్మడి ఖమ్మం జిల్లా జనాభా 1981లో 17 లక్షల 51 వేలు, 1991లో 22 లక్షల 15 వేలు, 2001లో 25 లక్షల 78 వేలు, 2011లో 27 లక్షల 97 వేలు. పెరుగుదల శాతం చూస్తే పదేళ్ళకు 26, ఆ పైన 16, ఆ పైన 8. రాక తగ్గింది, కాన్పులు తగ్గినాయి. 2019-21 నాటి కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు. జనాభా విపరీతంగా పెరుగుతున్నదని ఇప్పటికీ ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఈ అంకె ఒకసారి చూస్తే బాగుండును. 2011లో జిల్లాలో చదరపు కిలోమీటరుకు 175 మంది, ఉమ్మడి రాష్ట్రం సగటు 308. అడవి ఉన్న జిల్లా గదా. ఖమ్మం బజారులో నిలబడిన వానికి ఆ 175 నమ్మబుద్ధి కాదు. సగటు అంటే అంతే.

పైగా ఆ 27 లక్షల 97 వేల మంది జిల్లా నేడు లేదు. కొన్ని మండలాలు ఆంధ్రకు పోగా, 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం వేరైనది. గార్ల, బయ్యారం మహబూబాబాదుకు, వెంకటాపురం, వాజేడు భూపాలపల్లికి, అక్కడి నుండి 2019లో ములుగుకు పోయినాయి. అదే 2011 జనాన్ని కొత్త గీతలతో లెక్కిస్తే ఖమ్మం సుమారు 14 లక్షలు, భద్రాద్రి కొత్తగూడెం 10 లక్షల 69 వేలు. కాబట్టి రేపు ఎవరైనా జిల్లా జనాభా సగానికి పడిపోయిందని వ్రాస్తే కంగారు పడవద్దు, ముందు ఏ గీతల లోపల లెక్కించినారో అడగండి.

ఇదేదో కాగితాల గొడవ అనుకోకండి. ఉర్దూ సంగతే చూడండి. శాతం లెక్క జిల్లాను బట్టి తీసినారు గనుక, తెలంగాణలోని పాత పది జిల్లాలలో ఉర్దూకు రెండవ అధికార భాష హోదా దక్కనిది ఒక్క ఖమ్మానికే. ఇక్కడ ఉర్దూ మాట్లాడే వారి పాలు తక్కువ. 1959లో విశాలమైన అడవి తాలూకాలు వచ్చి కలిసిన జిల్లాలో ఆ పాలు ఇంకా పలచబడటంలో వింత లేదు. ఖిల్లా బజారులోనో ఖానాపురంలోనో మాట్లాడే ఉర్దూ ఏమీ తగ్గలేదు, కింద భాగించే అంకె పెద్దదైనది. 2017 నవంబరులో రాష్ట్రం మొత్తాన్ని ఒకే యూనిట్‌గా తీసుకుని చట్టం సవరించాకనే ఆ హోదా ఖమ్మానికీ వచ్చింది. మాట్లాడేవారు వారే. గీత మారింది.

అందుకని సభ్యులకు ఒక విజ్ఞప్తి. 2021లో జరగవలసిన జనగణన కోవిడ్ వల్ల ఆగిపోయి, 2027 మార్చి 1 నాటి లెక్కగా తీయాలని 2025లో ప్రకటించినారు. కులం కూడా అడుగుతామన్నారు. ఇంటికి వచ్చిన టీచరమ్మ మాతృభాష అడిగితే, ఇంట్లో ఏ మాట నడుస్తుందో ఆ మాటే చెప్పండి. ఉర్దూ అయితే ఉర్దూ, తెలుగు అయితే తెలుగు, సిగ్గుపడవలసింది ఏదీ లేదు. గల్ఫ్‌లో ఉన్న కొడుకును, హైదరాబాదులో ఉన్న అల్లుడిని ఇక్కడి లెక్కలో చేర్పించాలని పట్టుబట్టవద్దు. పుట్టిన ఊరు అడిగినప్పుడు మాత్రం ఆడవారి తరఫున మగవారు ఉజ్జాయింపుగా చెప్పకుండా, వారినే పిలిచి చెప్పించండి.

ఖానాపురం హవేలి చాలా కాలం గ్రామ పంచాయతీ. 2012 అక్టోబరులో ఖమ్మం పురపాలక సంఘం కార్పొరేషను అయినప్పుడు చుట్టుపక్కల పంచాయతీలతో పాటు నగరంలో కలిసింది. పన్ను రసీదు మీద ఇప్పుడు నగరపాలక సంస్థ పేరు ఉంటుంది. పోలీసు స్టేషను పేరు మాత్రం ఖానాపురం హవేలి అనే నిలిచింది.