ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు అనగా పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు రెండూ కలిగి, బయటి విద్యుత్ సరఫరాతో బ్యాటరీని ఛార్జి చేసుకొనుటకు వీలున్న కారు. 2022లో భారతదేశంలో విడుదలైన మారుతి గ్రాండ్ విటారా వంటి సాధారణ హైబ్రిడ్లకు ఈ వీలు లేదు. వాటి చిన్న బ్యాటరీ ఇంజను ద్వారా, బ్రేకు వేసినపుడు లభించే శక్తి ద్వారా మాత్రమే నిండుతుంది. ప్లగ్-ఇన్ రకం ఛార్జి ఉన్నంత దూరం ప్రధానంగా విద్యుత్తుతో, ఆపైన పెట్రోలుతో నడుస్తుంది.

చరిత్ర

చైనాకు చెందిన బీవైడీ సంస్థ 2008 డిసెంబరులో విడుదల చేసిన ఎఫ్3డీఎం, పెద్ద సంఖ్యలో ఉత్పత్తి కొరకు రూపొందిన మొదటి ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు. 2010 డిసెంబరులో అమెరికాలో షెవ్రొలే వోల్ట్ అమ్మకాలు మొదలైనవి. భారతదేశంలో 2016లో వోల్వో ఎక్స్‌సీ90 టీ8 విడుదలైనది. దీని ధర కోటి రూపాయలకు పైగా ఉండుటచే సామాన్యులకు అందుబాటులోకి రాలేదు.

ఆచరణయోగ్యత

ఈ కారు వలన ప్రయోజనం రోజువారీ దూరంపైన, ఛార్జింగు అలవాటుపైన ఆధారపడి ఉంటుంది. తెలంగాణలోని వికారాబాదు జిల్లా దూరాలను ఉదాహరణగా తీసుకొనవచ్చును. వికారాబాదు నుండి తాండూరుకు సుమారు 40 కి.మీ. బ్యాటరీపై 60 కి.మీ. నడిచే కారు పెట్రోలు అవసరం లేకుండానే తాండూరు చేరగలదు. అక్కడ ఛార్జి చేయనిచో తిరుగు ప్రయాణంలో సగం దూరానికి పెట్రోలు కావలెను. హైదరాబాదు నుండి తాండూరుకు (సుమారు 110 కి.మీ.) వెళ్ళువారికి దాదాపు సగం దూరం పెట్రోలుపైనే సాగుతుంది. అయితే దారిలో ఛార్జింగు కేంద్రం లేకపోయినా కారు ఆగిపోదు. అనంతగిరి కొండల దిగుడులో బ్రేకు శక్తి కొంత తిరిగి బ్యాటరీకి చేరుతుంది.

15 యూనిట్ల బ్యాటరీ ఇంటిలోని 16 ఆంపియర్ల సాకెట్ ద్వారా నిండుటకు సుమారు 5 నుండి 6 గంటలు పట్టును. ఛార్జి చేయకుండా నడిపినచో బరువైన బ్యాటరీని మోయుచూ పెట్రోలు కారు వలెనే పనిచేయును. ఐరోపా కమిషన్ 2024 నివేదిక ప్రకారం, ఈ కార్లు వాస్తవ వాడకంలో వెలువరించే కార్బన్ డయాక్సైడ్ ప్రయోగశాల అంకెలకు సుమారు 3.5 రెట్లు ఉన్నది.

భద్రత

ఈ కార్లలో పెట్రోలు ట్యాంకు, అధిక వోల్టేజి బ్యాటరీ రెండూ ఉండును. ప్రమాదం జరిగినపుడు బ్యాటరీ నుండి విద్యుత్ సరఫరా దానంతటదే తెగిపోవు ఏర్పాటు ఉన్నది. అయినను దెబ్బతిన్న లిథియం అయాన్ బ్యాటరీ ఆలస్యంగా కూడా అంటుకొనవచ్చును. 2011లో అమెరికాలో ఢీకొట్టి పరీక్షించిన ఒక వోల్ట్ కారు, మూడు వారాల తరువాత నిలిపి ఉంచిన చోటనే కాలిపోయినది. శీతలీకరణ ద్రవం కారుటయే దీనికి కారణమని తేలగా, బ్యాటరీ చుట్టూ నిర్మాణాన్ని బలపరచినారు. 2020లో ఫోర్డ్ సంస్థ మంటల ప్రమాదం కారణంగా సుమారు 20,500 కూగా ప్లగ్-ఇన్ కార్లను మరమ్మతుకు వెనుకకు పిలిచి, అప్పటివరకు ఛార్జి చేయవద్దని కొన్నవారిని కోరినది.

కావున కారు అడుగుభాగానికి గట్టి దెబ్బ తగిలినచో బ్యాటరీని తనిఖీ చేయించవలెను. నాపరాతి గనులున్న తాండూరు వంటి ప్రాంతాల కంకర దారులలో ఇది మరింత అవసరం. ఛార్జింగుకు సరియైన ఎర్తింగు ఉన్న ప్రత్యేక వైరింగు ఉండవలెను. సాధారణ ఎక్స్‌టెన్షన్ తీగలు వాడరాదు. నారింజ రంగు తీగలు అధిక వోల్టేజికి గుర్తు. శిక్షణ లేనివారు వాటిని తాకరాదు.

ఇవి కూడా చూడండి

హైబ్రిడ్ వాహనం
విద్యుత్ వాహనం
లిథియం అయాన్ బ్యాటరీ
వికారాబాదు జిల్లా