తుంటికీలు: మొదటి కట్టు చాలనపుడు



మాది నెల్లూరుసీమలోని బుచ్చిరెడ్డిపాలెము. మాయింట నొక మనుమరాలు పుట్టినది. నీళ్లుపోయు ముసలమ్మ కాళ్లు చాచుకొని, బిడ్డను వానిపై పరుండబెట్టి నూనె రాయుచు, "అయ్యా, ఎడమతొడ కుడితొడవలె విప్పుకొనుట లేదు" అనెను. వైద్యులు చూచి, తుంటికీలు తొలగియున్నదని చెప్పి పట్టెలకట్టు కట్టిరి. నాలుగు వారములైనను కీలు నెలవునకు రాలేదు. "ఇక కట్టు విప్పివేయుడు, నడక వచ్చినపుడు అదియే సర్దుకొనును" అని పలికినవాడను నేనే. కోడలు నామాట వినలేదు. ఆమె వినకపోవుట యెంత మేలయ్యెనో, ఈ చికిత్స చరిత్రము చదివినపిమ్మట గ్రహించితిని.

తొడయెముక తల బంతివంటిది. కటియెముకలోని గుంట గిన్నెవంటిది. బంతి తనలో నున్నప్పుడే గిన్నె లోతుగా పెరుగును. లేనిచో వాడుకలేని బావివలె పూడిపోవును. నొప్పి యుండదు గనుక బిడ్డ యేడువదు. కుంటు బయటపడునప్పటికి కాలము మించును.

1826లో పారిసు వైద్యుడు డుపుయిట్రెను ఈ వ్యాధిని వివరించి, నయము కాదని తలచెను. ఆ నిరాశను పోగొట్టినవాడు వియన్నా వైద్యుడైన అడాల్ఫు లోరెంజు. శస్త్రశాలలోని కార్బాలికామ్లము తన చేతులకు పడకపోగా ఆయన కత్తిని విడిచెను. చేతులతోడనే కీలును నెట్టి చేర్చి, కాళ్లను కప్పవలె విడదీసి పిండికట్టు వేసెను. 1902లో చికాగోనగరమున ఆర్మరు అను ధనికుని కుమార్తెకు చికిత్స చేయగా ఆయన పేరు లోకమెల్ల మ్రోగెను. కాని బలముతో విడదీసి బిగించుటవలన పలువురు బిడ్డలకు బంతికి నెత్తురందక, ఎముక చెడెను.

ఆ హానిని చూచి మృదుమార్గము వెదకినవాడు చెకోస్లొవాకియా వైద్యుడు ఆర్నాల్డు పావ్లిక్. 1940 దశకమున ఆయన కల్పించిన పట్టెలకట్టు మోకాళ్లను మడచియుంచును గాని కాళ్లాడించుకొననిచ్చును. ఆ యాటలోనే బంతి గిన్నెలో కుదురుకొనును. ఆఱునెలల లోపు శిశువులలో పెక్కుమందికి ఇది చాలును. మూడు నాలుగు వారములలో చేరనిచో మాత్రము దానినే పట్టుకొని యుండరాదు. తొలగిన బంతి గిన్నె వెనుకయంచును నొక్కి చెఱచును.

అప్పుడు కొందఱికి గట్టికట్టు వేయుదురు. అదియు చాలనిచో బిడ్డకు మత్తుమందిచ్చి, అవసరమైన గజ్జలోని బిగిసిన స్నాయువును కొంచెము కోసి, నెమ్మదిగా కీలు చేర్చి, రంగుమందెక్కించి ఎక్సురేలో చూచి, నడుమునుండి కాళ్లవఱకు పిండికట్టు వేయుదురు. అది సుమారు మూడునెలలుండును. కాళ్లను మితిమీరి విడదీయరు. లోరెంజు కాలపు హాని నేర్పిన జాగ్రత్త యిది. అప్పటికిని చేరనిచో కీలు తెఱచి, అడ్డమైనదానిని తొలగింతురు. ఏడాదిన్నర దాటినవారికి తఱచుగా ఎముకనే కోసి గిన్నెను మలచవలసివచ్చును. టొరాంటోలో సాల్టరు 1957లో ఆరంభించిన శస్త్రచికిత్స యట్టిది. ఆలస్యమైనకొలది పని పెరుగుచున్నది చూచితిరా!

ఎముకయనగానే మనవారికి పుత్తూరుకట్టు తోచును. ఇది విరిగిన యెముక కాదు, కుదురుకొనని కీలు. ఇరుగుపొరుగువారు గ్రహణదోషమనగా మా కోడలు కంటతడి పెట్టెను. దోష మెవ్వరిదియు గాదు. ఆడుబిడ్డలకును, తొలిచూలువారికిని, ఎదురుకాళ్లతో పుట్టినవారికిని ఇది యెక్కువ. బిడ్డను నడుముపై కాళ్లు విడదీసి ఎత్తుకొను మన యాచారము కీలునకు మేలు. కాళ్లు చాచి జోడించి గట్టిగా చుట్టుట కీడు. జపానులో 1970 దశకమునుండి అట్లు చుట్టుట మాన్పింపగా ఈ వ్యాధి మిక్కిలి తగ్గెను.

మా మనుమరాలు మూడునెలలు పిండికట్టులో నుండెను. నేడు కోదండరామస్వామి కోవెలలో నాకంటె ముందుగా ప్రదక్షిణము ముగించుచున్నది. అయినను ఎదుగుదల ముగియువఱకు వైద్యులకు చూపుచునే యుండవలెను.

పెద్దలారా, ఇంట మనమాట చెల్లును. మొదటి కట్టు చాలలేదన్నపుడు "ఊరకుండుడు" అనకుడు. "తరువాతి మెట్టేది?" అని వైద్యుని ఆనాడే అడుగుడు.