లేని వస్తువుకి లెక్కలు



కిందటి నెలలో మా పెద్దమ్మ కూతురు భావనపాడు నుంచి విశాఖపట్నం మా ఇంటికి వచ్చింది. నాకంటే పెద్దది, 'అప్పా' అని పిలుస్తాను. ఇచ్చిన కాఫీ చల్లారిపోతున్నా తాగలేదు. "మా గుంట ఎం.టెక్. పూర్తి చేసింది కదా, ఒక యూనివర్సిటీ వాళ్ళు పరిశోధన ఉద్యోగం ఇస్తామంటున్నారే. మూడేళ్ళ ప్రాజెక్టట, పర్మనెంటు కాదట. పనేమో ఇంకా తయారుకాని ట్రాన్సిస్టరుకి కంప్యూటరు మీద లెక్కలు కట్టడమట! లేని వస్తువుకి లెక్కలేమిటి? రేపు సంబంధాలవాళ్ళు అడిగితే ఏం చెప్పను?" అంది.

నేను చదివింది పదో తరగతే. కాని రేడియో ప్రసంగాల పుణ్యమా అని పుస్తకాలు తిరగెయ్యడం, తెలిసినవాళ్ళని విసిగించడం అలవాటయింది. "రెండు రోజులుండు అప్పా" అని ఆపేశాను. ఆ రెండు రోజుల్లో తెలుసుకున్నది మీకూ చెబుతాను. ఈ ప్రశ్న మీ ఇంటికీ రావచ్చు.

మన రేడియోలో, టెలిఫోనులో ఉండే చిప్పులు చాలావరకు సిలికాన్‌తో చేసినవే. అది ఇసుకలోంచి వచ్చే పదార్థం. శుద్ధమైన సిలికాన్ కరెంటుని సరిగా పోనివ్వదు. అందులో భాస్వరమో బోరానో చిటికెడు కలపాలి. చిటికెడంటే మన చిటికెడు కాదండోయ్! యాభై లక్షల సిలికాన్ అణువులకి ఒక్క భాస్వరం అణువు పడినా దాని గుణం మారిపోతుంది. పైగా చిప్పు తయారీలో వందల మెట్లుంటాయి, వారాలు పడుతుంది. చివర తప్పు తేలితే అంతా వృథాయే. పెళ్ళివంట అంతా దించాక ఉప్పెక్కువైందని తెలిస్తే ఎలా ఉంటుంది? అందుకే ముందుగా లెక్క కట్టి చూసుకుంటారు. దీన్నే సిమ్యులేషన్ అంటారు.

ఆ లెక్క ఎలా కడతారో చెప్పడానికి అప్పకి దూరం వెళ్ళనక్కరలేకపోయింది. భావనపాడు దగ్గరే నౌపడా ఉప్పు మడులున్నాయి. ఒక మడిలో నీరెంత అంటే, పై మడినుంచి వచ్చింది, కింది మడికి పోయింది, ఎండకి ఆవిరైంది, ఈ మూడూ చూసుకోవాలి కదా. ట్రాన్సిస్టరునీ కంప్యూటరులో అలాగే వేలకొద్దీ చిన్న మడులుగా విడగొడతారు. ఒక్కొక్క మడిలోకి ఎన్ని ఎలక్ట్రాన్లు వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎన్ని మధ్యలో లయమయ్యాయి అని లెక్క. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన జిల్లా మీద పడబోతోందని ముందుగా చెప్పగలిగారంటే, గాలిని అలా గళ్ళుగా విడగొట్టి లెక్క కట్టబట్టే. "ఆ రోజు తుఫాను కూడా ఇంకా లేనిదే కదా అప్పా!" అన్నాను. అప్ప మాట్లాడలేదు.

ఇందులో ఒక చిక్కుంది. ఎలక్ట్రాన్లు ఎటు పోతాయో వోల్టేజీని బట్టి ఉంటుంది. ఆ వోల్టేజీ ఏమో ఎలక్ట్రాన్లు ఎక్కడ పోగయ్యాయో దాన్నిబట్టి ఉంటుంది. కోడలి మాట అత్తగారిని బట్టీ, అత్తగారి మాట కోడలిని బట్టీ ఉన్నట్టన్నమాట! 1964లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో హెర్మన్ గమ్మెల్ అనే ఆయన దీనికి దారి చూపించాడు. ముందు ఒకటి ఊహించుకో, దాన్నిబట్టి రెండోది కట్టు, దానితో మొదటిది సరిచెయ్యి, ఇక మార్పు లేదనేదాకా తిరగెయ్యి. మనం పులుసు రుచి చూస్తూ సరిచేసుకోవడం లేదూ? అదే. 1969లో షార్‌ఫెటర్ అనే ఆయనతో కలిసి గమ్మెల్ ఇచ్చిన మరో పద్ధతిని ఇప్పటికీ వాడుతున్నారు.

ఇక యూనివర్సిటీల సంగతి. 1980లో వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయం నుంచి 'మినిమాస్' అనే ప్రోగ్రాము వెలువడింది. దాన్ని తయారు చేసినవారిలో ముఖ్యుడు జీగ్‌ఫ్రీడ్ జెల్బెర్‌హెర్. అప్పటికి ఆయన ఇంకా డాక్టరేటు చేతికిరాని పాతికేళ్ళ కుర్రవాడు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన 'పైసీస్' ప్రోగ్రాము, తరవాత కంపెనీలు అమ్ముకునే ప్రోగ్రాములకి మూలమయింది.

మన దేశానికి వద్దాం. మద్రాసు ఐఐటీలో నందితా దాస్‌గుప్తా గారు, అమితావ దాస్‌గుప్తా గారితో కలిసి ఈ శాస్త్రం మీద రాసిన పాఠ్యపుస్తకం 2004లో వచ్చింది. మన తెలుగువారిలో రాంగోపాల్ రావు గారున్నారు. మహబూబ్‌నగర్ జిల్లా కొల్లాపూర్‌లో పుట్టి, కాకతీయ విశ్వవిద్యాలయంలో చదివి, బొంబాయి ఐఐటీలో ఎం.టెక్. చేశారు. 1997లో జర్మనీలోని మ్యూనిక్‌లో డాక్టరేటు పొందారు. ఆపైన అమెరికాలో కొంతకాలం తాత్కాలిక పరిశోధన చేసి, 1998లో బొంబాయి ఐఐటీలో అధ్యాపకులయ్యారు. అతి చిన్న ట్రాన్సిస్టర్ల మీద చేసిన పనికి 2005లో భట్నాగర్ బహుమతి అందుకున్నారు, 2016లో ఢిల్లీ ఐఐటీ డైరెక్టరయ్యారు. అంతటి ఆయనా పర్మనెంటు కాని మెట్లెక్కే పైకి వచ్చారు.

అలాగని అందరూ డైరెక్టర్లవుతారని నేననను. ప్రాజెక్టు అయిపోయాక చేతులు ఖాళీ అయ్యేవాళ్ళూ ఉన్నారు. అందుకని చేరేముందు నాలుగు సంగతులు అడిగి తెలుసుకోమన్నాను. ప్రాజెక్టుకి డబ్బు మంజూరయిందా? ఈ పనితోపాటు పి.హెచ్.డి.లో పేరు నమోదు చేస్తారా? ఆ గైడు దగ్గర ఇదివరకు చేసినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు? జీతం ఎంత? కేంద్రప్రభుత్వం వారి జూనియర్ ఫెలోషిప్పు అయితే 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకి 37,000 రూపాయలు, ఇంటద్దె వేరు. సీనియర్ అయ్యాక 42,000. అన్ని ప్రాజెక్టుల్లోనూ ఇంత ఇవ్వరు, అదీ అడగాలి. 2021 డిసెంబరులో చిప్పుల పరిశ్రమకి కేంద్రం 76,000 కోట్ల పథకం ప్రకటించింది కనుక, ఈ విద్య తెలిసినవాళ్ళని యూనివర్సిటీల బయట కూడా అడిగేవాళ్ళున్నారు.

అన్నీ విని అప్ప చాలాసేపు ఊరుకుంది. "మా మామగారి కాలంనుంచీ ఉప్పు మీదే బతికాం. పండిన ఉప్పు ఒక్క రాత్రి వానకి కరిగిపోయిన ఏళ్ళున్నాయి. మాకేనాడు పర్మనెంటు?" అంది చివరికి. చల్లారిన కాఫీ వెచ్చబెట్టించుకుని తాగింది. మర్నాడు ఆ నాలుగు ప్రశ్నలూ కాగితం మీద రాయించుకుని బస్సెక్కింది. గుంట దరఖాస్తు పంపిందని మొన్న కబురొచ్చింది. సంబంధాలవాళ్ళకి ఏం చెప్పాలో మాత్రం అప్ప ఇంకా తేల్చుకోలేదట.

మీ ఇంట్లో ఆడపిల్ల ఇలాంటి కాగితం పట్టుకొస్తే, "పర్మనెంటేనా?" అని అడగండి, తప్పులేదు. కాని అంతకుముందు "ఏం పనమ్మా, నాకూ కాస్త చెప్పు" అని అడగండి. ఆ ఒక్క మాటకి అది పొంగిపోతుంది. సెలవు.