సెంటర్ ఆటగాడు లూయిస్

అమెరికన్ ఫుట్‌బాల్‌లో 'సెంటర్' అనే ఆటగాడు వంగి బంతిని వెనక్కి అందిస్తాడు. ఎదుటి జట్టు తాకిడి ముందు తానే కాస్తాడు. చప్పట్లు మాత్రం బంతితో పరుగెత్తేవాడికి!

విలియం హెన్రీ లూయిస్ ఆ స్థానంలోనే ఆడారు. 1868లో వర్జీనియాలో పుట్టారు. తల్లిదండ్రులు ఒకప్పటి బానిసలు. ఆమ్‌హర్స్ట్ కళాశాలలో, తర్వాత హార్వర్డ్‌లో లా చదువుతూ ఆడారు. 1892, 1893లలో దేశపు మేటి ఆటగాళ్ళ జాబితాకెక్కారు. నల్లజాతివారిలో ఆ గౌరవం మొదట ఆయనదే.

అంతటివారికీ హార్వర్డ్ దగ్గర ఒక క్షౌరశాలలో గడ్డం గీయమని చెప్పి పంపేశారండీ. ఆయన ఊరుకోలేదు. వివక్షను నిషేధించే చట్టం క్షౌరశాలలకూ వర్తించేలా రాష్ట్ర శాసనసభలో పట్టుబట్టి సవరణ చేయించారు.

1911లో దేశానికి సహాయ అటార్నీ జనరల్ అయ్యారు. మరుసటేడు, ఆయన నల్లవారని తెలిసి, అమెరికన్ బార్ అసోసియేషన్ పెద్దలు సభ్యత్వానికి రాజీనామా ఇమ్మన్నారు. లూయిస్ ఇవ్వలేదు.