ఊర్మిళా యూలీ చౌధురి ఎవరు? చండీగఢ్ కుర్చీల మీద ఆమె పేరు ఎందుకు కనిపించదు?

ఢిల్లీలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌కు 1963 నుంచి 1965 వరకు సారథ్యం వహించింది ఒక మహిళ. 2008లో విజయవాడలో మొదలైన ఎస్‌పీఏ మనవాళ్లకు తెలిసిందే. దానికి అక్కలాంటి సంస్థ ఇది. అయినా ఆధునిక భారతీయ ఆర్కిటెక్చర్ గురించి మాట్లాడేటప్పుడు లె కార్బూజియే, చార్లెస్ కొరియా, బాలకృష్ణ దోషి పేర్లు వచ్చినంత తేలిగ్గా ఊర్మిళా యూలీ చౌధురి పేరు రాదు.

ఆమె 1923లో ఇప్పటి ఉత్తర్‌ప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో పుట్టారు. తండ్రి దౌత్యవేత్త కావడంతో చదువు విదేశాల్లో సాగింది. 1947లో సిడ్నీ యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ పూర్తి చేశారు. కొంతకాలం అమెరికాలో పనిచేసి, 1951లో చండీగఢ్ నిర్మాణ బృందంలో చేరారు. అక్కడి హోమ్ సైన్స్ కాలేజీ, మహిళా పాలిటెక్నిక్ భవనాలు ఆమె డిజైన్లే.

ఆమెకు ఫ్రెంచ్ బాగా వచ్చు. నెహ్రూకూ కార్బూజియేకూ మధ్య ఉత్తరప్రత్యుత్తరాల్లో సాయపడ్డారు, కార్బూజియే పుస్తకం ఒకదాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. చిత్రమేమిటంటే, ఆమెను గుర్తుపెట్టుకున్నవారు కూడా చాలాసార్లు ఈ అనువాదకురాలి పాత్రనే ముందు చెబుతారు. హరియాణా, చండీగఢ్, పంజాబ్‌లకు వరుసగా చీఫ్ ఆర్కిటెక్ట్‌గా చేసి, 1981లో బాధ్యతలు వదిలిన మనిషి గురించి ఇలా చెప్పడం అన్యాయమే.

ఇక కుర్చీల సంగతి. కొత్త నగరంలోని ఆఫీసులు, కాలేజీలు, లైబ్రరీల కోసం టేకు చెక్క, పేము అల్లికతో ఫర్నిచర్ చేయించారు. కొన్నింటిని పియర్ జనరేతో కలిసి యూలీ రూపొందించారు. దశాబ్దాల తర్వాత అవి పాతబడ్డాయని ప్రభుత్వ కార్యాలయాలే తుక్కు కింద వేలం వేశాయి. విదేశీ వ్యాపారులు వాటిని కొని, బాగుచేసి, యూరప్, అమెరికా వేలం శాలల్లో లక్షల రూపాయలకు అమ్మారు. కేటలాగుల్లో మాత్రం ఎక్కువగా జనరే పేరొక్కటే ఉండేది. 2011లో కేంద్ర హోంశాఖ ఈ ఫర్నిచర్ అమ్మకాన్ని నిషేధించింది. వస్తువుకు రక్షణ దొరికింది కానీ, చేసినవారి పేరు ఎవరికీ పట్టలేదు.

ఇందులో కుట్ర వెతకాల్సిన పనిలేదు. ప్రభుత్వ ఆఫీసులో నలుగురూ కలిసి గీసిన డ్రాయింగ్‌కు చివరికి ఒక పెద్ద పేరు అతుక్కుంటుంది. విదేశీ పేరైతే ధర కూడా పలుకుతుంది. జీత్ మల్హోత్రా, ఆదిత్య ప్రకాశ్ లాంటి పురుషులూ ఇలాగే వెనకబడ్డారు. యూలీ విషయంలో ఇంటి పేరు కూడా పంచుకోవాల్సి వచ్చింది. భర్త జుగల్ కిశోర్ చౌధురి కూడా ఆర్కిటెక్టే. ఢిల్లీ ఐఐటీ క్యాంపస్ ఆయన చేతి పనే.

ఆమెను 'ఆసియాలో తొలి మహిళా ఆర్కిటెక్ట్' అని రాసేవాళ్లున్నారు. అది నిజం కాదు. ముంబయిలోని జేజే స్కూల్ నుంచి పెరిన్ జంషెడ్జీ మిస్త్రీ 1936లోనే డిప్లొమా తీసుకున్నారు. ఒకరిని వెలికితీసే తొందరలో మరొకరిని మరుగున పడేయకూడదు కదా.

యూలీ 1995లో మరణించారు. ఢిల్లీ, ముంబయి మహిళా ఆర్కిటెక్టుల మీద మేరీ వుడ్స్, దేశవ్యాప్తంగా మహిళలూ ఆధునికతా అనే అంశంపై మాధవీ దేశాయ్ పుస్తకాలు వచ్చేసరికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. కొన్ని వేలం కేటలాగుల్లో ఇప్పుడు జనరే పక్కన ఆమె పేరు కూడా కనిపిస్తోంది.