ముస్తఫా గేమ్‌లో రెండు బటన్ల దెబ్బ: చుట్టుముట్టినప్పుడు ఎట్లా బయటపడాలి?

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క దెబ్బ గురించి. ఎటాక్ బటన్, జంప్ బటన్ రెండూ ఒకేసారి నొక్కితే వచ్చే దెబ్బ. మీకు తెలియకపోతే మీ మామనో చిన్నాయననో అడగండి. తొంభైల్లో మన కదిరి, ధర్మవరం, హిందూపురం లాంటి ఊళ్ళలో పెరిగినోళ్ళకి "ముస్తఫా గేమ్" అంటే చాలు, ముఖం వెలిగిపోతుంది.

నిజానికి ఆ గేమ్ పేరు ముస్తఫా కాదు. "కాడిలాక్స్ అండ్ డైనోసార్స్". జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. మార్క్ షుల్ట్జ్ అనే అమెరికన్ బొమ్మలేసి రాసిన "జెనోజోయిక్ టేల్స్" కామిక్ దీనికి మూలం. అసలు హీరో జాక్ టెన్రెక్. ఇంకా హన్నా, మెస్, నాలుగోవాడు ముస్తఫా కైరో. మనోళ్ళు హీరోని పక్కనపెట్టి గేమ్‌కే ముస్తఫా పేరు పెట్టేశారు. ఎందుకంటే వాడు స్పీడు. పరిగెత్తుకొచ్చి తన్నే తన్ను అదిరిపోతుంది. ఇంకోటి, జాక్ అనే పేరు మన వీధిలో ఎవరికుంది? ముస్తఫా మాత్రం పక్కింట్లోనే ఉంటాడు కదా!

సరే, దెబ్బ సంగతికి వద్దాం. కదిరి తేరు రోజు జనం మధ్యలో ఇరుక్కుంటే ఎట్లుంటుంది? ముందుకి పోలేం, వెనక్కి రాలేం. ఈ గేమ్‌లో అదే పరిస్థితి. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. ఒకడిని కొడుతుంటే ఇంకోడు వెనక నుంచి గుద్దుతాడు. అప్పుడు రెండు బటన్లూ కలిపి నొక్కితే చుట్టూ ఉన్నోళ్ళంతా ఎగిరి పడతారు. కానీ ఫ్రీ కాదు. దెబ్బ తగిలితే మన లైఫ్ కూడా కొంచెం కోత పడుతుంది.

ఈ ఐడియా ఒక్కరోజులో పుట్టలేదు. 1984లో "కుంగ్‌ఫూ మాస్టర్" వచ్చింది. తకాషి నిషియామా డిజైన్. అందులో శత్రువులు వచ్చి మనల్ని పట్టేసుకుంటారు, స్టిక్ అటూ ఇటూ గబగబా ఊపితే విడిపోతారు. అంటే విడిపించుకోవడమే తప్ప తిరిగి కొట్టడం లేదు. 1987లో "డబుల్ డ్రాగన్"లో వెనకున్నోడికి మోచేతి పోటు వచ్చింది. అదే ఏడాది ఇదే నిషియామా క్యాప్‌కామ్‌లో "స్ట్రీట్ ఫైటర్" తీశాడు. అందులోనే పుట్టింది షోర్యుకెన్, పైకి లేస్తూ కొట్టే పిడిగుద్దు.

1991లో "స్ట్రీట్ ఫైటర్ 2" వచ్చాక షోర్యుకెన్ ప్రపంచమంతా పాకింది. కింద పడ్డ ఆటగాడు లేస్తూ లేస్తూ ఇది కొడితే, మీదికొచ్చినోడు గాల్లో తేలతాడు. మరి దీనికి ఖరీదు? లైఫ్ పోదు. కానీ ఎదుటోడు బ్లాక్ చేసుకుంటే మనం గాల్లో ఉండిపోతాం. కిందికి దిగేలోపు వాడు తీరిగ్గా నిలబడి వాయిస్తాడు.

మధ్యలో, 1989లో, క్యాప్‌కామ్ "ఫైనల్ ఫైట్" చేసింది. ఇక్కడే లెక్క మారింది. మేయర్ హాగర్ రెండు చేతులూ చాపి గిర్రున తిరిగితే చుట్టూ ఉన్నోళ్ళు పడిపోతారు, బదులుగా మన లైఫ్ తగ్గుతుంది. ముస్తఫాకి వచ్చిన ఆస్తి ఇదే.

ఇప్పుడు అసలు పాయింట్. షాపులో ఆడే పిల్లోడి జేబులో ఉండేది ఒక రూపాయి బిళ్ళ. లైఫ్ అయిపోతే రూపాయి అయిపోయినట్టే. అంటే ఆ దెబ్బ కొట్టిన ప్రతిసారీ వాడు రూపాయిలో కొంత ఖర్చు పెడుతున్నాడు అన్నమాట! అందుకే ఎప్పుడు వాడాలి, ఎప్పుడు దాచుకోవాలి అనేది ఆట కాదు, బేరం.

మంచి ఆటగాళ్ళ లెక్క ఇట్లుంటుంది. ఒక్కడే ఉంటే ఈ దెబ్బ దండగ, మామూలు గుద్దులు చాలు. ముగ్గురు నలుగురు దగ్గరికి చేరాక కొడితే ఒక్క కోతకి నలుగురు పడతారు, గిట్టుబాటు. పక్కన తిండి వస్తువు కనిపిస్తోందా? అయితే ధైర్యంగా కొట్టొచ్చు, పోయిన లైఫ్ తింటే తిరిగొస్తుంది. కింద పడి లేచేసరికి ఇద్దరు నెత్తిమీదుంటే, ఆలోచించకుండా కొట్టాలి. ఎందుకంటే వాళ్ళు కొట్టే దెబ్బల వరసకి పోయేది ఇంకా ఎక్కువ.

అందరికంటే తెలివైనోడు ఇంకోటి చేస్తాడు. ముస్తఫా పరుగుతో స్క్రీన్ ఒక చివరికి పోతాడు. శత్రువులు ఎక్కువగా ఒకే వైపు నుంచి వస్తారు. వెనక నుంచి వచ్చేవాళ్ళు తక్కువ. ఇంక ఆ దెబ్బ అవసరం బాగా తగ్గుతుంది! చుట్టుముట్టాక బయటపడటం ఒక విద్య, చుట్టుముట్టనివ్వకపోవడం ఇంకా పెద్ద విద్య.

ఇదంతా పాత కథ అనుకోకండి. మీ ఫోన్‌లో ఫ్రీ ఫైర్ మ్యాక్స్ తెరవండి. ఆలోక్ స్కిల్ వాడాక ఆ బటన్ వెంటనే మళ్ళీ పనిచేయదు, కొన్ని సెకన్లు ఆగాలి. షోర్యుకెన్‌కి ఖరీదు రిస్క్, ముస్తఫా దెబ్బకి ఖరీదు లైఫ్, మీ స్కిల్‌కి ఖరీదు టైమ్. పేర్లు మారాయి, లెక్క మారలేదు. బయటపడే దారి ప్రతి గేమ్‌లోనూ ఉంటుంది, ఉచితంగా మాత్రం ఉండదు.

ఆ వీడియో గేమ్ షాపులు ఇప్పుడు దాదాపు లేవు. రీఛార్జ్ షాపులయ్యాయి, మొబైల్ రిపేర్ షాపులయ్యాయి. వాటి చరిత్ర ఏ పుస్తకంలోనూ వెతకక్కర్లేదు, మీ ఇంట్లోనే ఉంది. ఈ రాత్రి భోజనాల దగ్గర మీ మామని ఒక్క ప్రశ్న అడగండి: "రూపాయితో ఎంత దూరం పోయేవాడివి?" ఆయన చెప్పేది ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. ఆ తరం చెప్పకపోతే ఇంకెవరూ చెప్పలేరు.